తలుపు పట్టుకున్నదెవరు

భుజంగరావు నోట్లోంచి మొట్టమొదట జారిపోయిన మాట చెంచా.

పొద్దున ఉప్మా పళ్లెం ముందు కూచుని, "హైమా, అది ఇటియ్యి" అన్నాడు.

"ఏదీ?" అంది హైమవతి వంటింట్లోంచి.

"అదేనే... దీన్ని తినేది..." అంటూ గాల్లోంచి ఏదో తోడి నోట్లో పెట్టుకున్నట్టు చేత్తో చూపించాడు. ఆమెకు నవ్వొచ్చింది. రాదూ మరి? నాటక పరిషత్తు పోటీలంటే చాలు, ఊరూరా తిరిగి నాటకాలాడిన మనిషి. గంటన్నర నాటకాన్ని అన్ని పాత్రల డైలాగులతో సహా ఒప్పజెప్పగల మనిషి. అలాంటివాడు చెంచా దగ్గర తడుముకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఆ వారంలోనే తాళంచెవి పోయింది, నిమ్మకాయ పోయింది, ఎదురింటాయన పేరు పోయింది. చెంచా చేతికిస్తే వాడుకోవడం బాగానే తెలుసు. దాని పేరు మాత్రం నోటికి రాదు.

స్కానింగులో మెదడు ఎడమవైపు, సరిగ్గా మాటలుండే చోట, కణితి కనబడింది. ఆ పాడు జబ్బుకి ఆయన ఒంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు.

వాళ్లిద్దరి కాపురం మాటల మీదే నడిచింది. భుజంగరావుకి గుంటూరు కరెంటాఫీసులో ఉద్యోగం జీతం కోసం, నాటకం ప్రాణం కోసం. పిల్లలు లేరు. ఆయన స్టేజి మీద ఉంటే హైమవతి పక్క తెర చాటున, వింగ్‌లో, స్టూలు మీద స్క్రిప్టు పట్టుకుని ఉండేది. ఆమె ప్రాంప్టర్. ప్రాంప్టింగ్ ముందు వరసలో కూచున్న న్యాయనిర్ణేతల చెవిన పడిందా, నాటకానికి మార్కులు పోయినట్టే. అందుకని ఆమె మాట మొత్తం అందించేది కాదు. మొదటి అక్షరం ఒక్కటి, ఊపిరిలో కలిపి వదిలేది. ఆయన దాన్ని పట్టుకుని మిగతాది లాక్కునేవాడు. ఆయన తడబడబోతున్నాడని ఆయనకంటే ముందు ఆమెకే తెలిసిపోయేది. మెడ వెనక నరం కదిలే తీరులోనే కనిపెట్టేసేది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆ తొందరే కొంప ముంచింది. కొడుకు చనిపోయాడన్న కబురు విన్న తండ్రి వేషంలో ఆయన స్టేజి మధ్యన నిలబడి మాట్లాడకుండా ఊరుకున్నాడు. మర్చిపోయాడనుకుని హైమవతి అక్షరం అందించింది. అది ముందు వరస దాకా వినబడింది. ఆయన మర్చిపోలేదు. ఆ మౌనం ఆయన నెలరోజులు సాధన చేసి కట్టుకున్నది. ఉత్తమ నటుడి బహుమతి వేరేవాళ్లకి పోయింది. తిరుగు ప్రయాణం మొత్తం బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. ఇంటికొచ్చాక కుడి చెయ్యి చూపించి చెప్పాడు.

"ఇదిగో, తొడ మీద వేలితో తడితే అందించు. పిడికిలి బిగిస్తే నోరు మూసుకో. అప్పుడు నేను మర్చిపోలేదన్నమాట. ఆ ఊరుకోవడం నాది."

ఆ తర్వాత ఆ గుర్తులు ఎన్నడూ తప్పలేదు. రిహార్సల్స్ చూసి చూసి నాటక సమితిలో వాళ్లకీ అవి తెలిసిపోయాయి.

*

ఆపరేషన్ చేసి కణితి తీయగలిగినంత తీశారు. డాక్టర్ ముబీనా చెప్పకుండా దాచే మనిషి కాదు. "మళ్లీ వస్తుందమ్మా" అంది. "కుడి చెయ్యి కూడా రాన్రాను పట్టు తప్పుతుంది, చివర్లో బిగుసుకుపోతుంది. కానీ మాట విషయంలో మేమొకటి ప్రయత్నిస్తున్నాం. మీరు ఒప్పుకుంటేనే."

ఆమె ల్యాబ్ అమరావతి రోడ్డులో, పొగాకు గోడౌన్ల వెనక ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నాక భుజంగరావు పుర్రె లోపల ఉల్లిపొర లాంటి పల్చటి రేకు ఒకటి అమర్చారు. హైమవతి తలకి గుడ్డ పట్టీ కట్టారు. ఇద్దరి మధ్యా తెర వేశారు. బల్ల మీద టిఫిన్ క్యారియర్ గిన్నంత పెట్టె ఒకటి పెట్టారు.

తెర అవతల ఆయనకి ఏవో బొమ్మలు చూపిస్తున్నారు. హైమవతికి ఏమీ కనబడదు. ఖాళీ గోడ వైపు చూస్తూ కూచుంది. ఉన్నట్టుండి ఆమెకి నాలిక చివర ఏదో ఆడినట్టయింది. వాన, తడిసిన గుడ్డ వాసన, చేతికి వంకీ తిరిగిన కర్ర. ఇదేంటబ్బా అనుకునేలోపు గొడుగు అన్న మాట మనసులోకొచ్చింది. అదే క్షణంలో తెర అవతల భుజంగరావు గొంతు, "గొడుగు" అంది.

తర్వాత దువ్వెన, ఆ తర్వాత రోకలి. వరసగా మాటలు వస్తుంటే ల్యాబ్‌లో ఉన్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఆయన మాట కోసం వెతికితే, ఆ వెతుకులాట మీ దగ్గరికి వస్తుందమ్మా" అంది ముబీనా. "మీ మనసులో తోచిన మాట ఆయన నోటికి వెళ్తుంది. ఆలోచన ఆయనదే. మాటొక్కటే మీ దగ్గర అరువు."

"ఇంతేనా డాక్టరమ్మా" అన్నాడు భుజంగరావు తెర పక్కకి తోసి. "ఇంత రేకు, ఇంత పెట్టె ఎందుకు? మా ఆవిడ ఎప్పుణ్ణించో చేస్తున్న పనేగా."

దానికి ప్రాంప్టింగ్ పెట్టె అని పేరు పెట్టింది ఆయనే. ల్యాబ్‌లో వాళ్లు పెట్టుకున్న పొడుగాటి పేరు ఆ రోజు నుంచి ఎవరూ పలకలేదు.

వెళ్లేముందు ముబీనా హైమవతిని పక్కకి పిలిచింది. "వేరే జంటలకి మాట అందడానికి కాస్త టైం పడుతోందమ్మా. మీ దగ్గర అసలు ఆలస్యం లేదు. ఒక్కోసారి ఆయన అడక్కముందే ఇచ్చేస్తున్నారేమో అనిపిస్తోంది. కొంచెం ఆగి ఇవ్వండి."

హైమవతి దాన్ని మెప్పుగా తీసుకుంది. ప్రాంప్టర్‌ని ఆగి ఇవ్వమంటే ఎలా? ఆగితే నాటకం కూలిపోదూ? ఇంటికెళ్లే ఆటోలో ఆమె మెడ నిటారుగా పెట్టుకుని కూచుంది.

*

ఆ పెట్టె ఇంటికొచ్చాక గడిచిన నెలలే తన కాపురం మొత్తానికి మంచి రోజులని హైమవతి అనుకుంది. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, నిజం అదే. భుజంగరావు చెడ్డవాడు కాదు. అయితే ఆయన చక్కటి మాటలన్నీ స్టేజికి ఖర్చయిపోయేవి, ఇంటికి మిగిలేవి కావు. ఇప్పుడలా కాదు. మధ్యాహ్నం ఆయనకి అన్నం కలిపి పెడుతుంటే, "నువ్వు తిన్నావా హైమా?" అనేవాడు. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆయన ఆమెని ఆ మాట అడిగి ఎరగడు.

ఒకరోజు అరుగు మీద కూచుని ఉండగా, "నిన్ను ఒక్కసారన్నా స్టేజి ఎక్కించాల్సింది. నాకన్నా నీకే ఎక్కువ వచ్చు" అన్నాడు.

హైమవతి లేచి స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, కడుపారా ఏడ్చింది. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్నేళ్లుగా కాచుక్కూచుందో ఆయనకి తెలియదనుకునేది. తెలుసన్నమాట. జబ్బు చేస్తే చేసింది, మనిషి బయటపడ్డాడు అనుకుంది.

ముబీనా చెప్పినట్టే కణితి మళ్లీ వచ్చింది. ఆయన ఎక్కువసేపు పడుకునే ఉంటున్నాడు. కుడి కాలు ఈడుస్తున్నాడు. మాట మాత్రం చెక్కు చెదరలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు, "మాటకేం, మహారాజులా ఉంది" అని వెళ్లేవాళ్లు. ముబీనా కూడా సంబరపడింది. ఆ పెట్టె పెట్టుకున్న జంటలందరిలో వీళ్లే ఫస్టు.

అప్పుడొచ్చాడు దావీదు. వాళ్ల సమితికి మొదట్నుంచీ మేకప్ అతనే. ఒక సంచీ నిండా జామకాయలు తెచ్చి మంచం పక్కన కూచున్నాడు.

"ఏందన్నా, మొహానికి ఏం రాశావు, ఇట్టా మెరుస్తున్నావు?"

"నువ్వు రాయకపోతే మెరవక ఏం చేస్తా" అన్నాడు భుజంగరావు. ముగ్గురూ నవ్వారు. మాటల్లో నంద్యాల సంగతి వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఈ ముగ్గురు కలిస్తే నంద్యాల రావాల్సిందే.

నంద్యాల పరిషత్తులో నాటకం నడుస్తుండగా సెట్టులో తలుపు విరిగి ముందుకు ఒరిగింది. పడితే నాటకం అక్కడితో సరి. కానీ పడలేదు, చివరిదాకా నిలబడింది. తలుపుకి వీపు ఆనించి, తానే దాన్ని ఆపానని, అలా ఆనుకునే, స్క్రిప్టులో లేని డైలాగులు కల్పించి నాటకాన్ని గట్టెక్కించానని భుజంగరావు చెప్పేవాడు. వెనక నుంచి భుజం పెట్టి మోసింది తనేనని హైమవతి చెప్పేది. ఆమె భుజం మీద మేకు గీసుకుపోయిన మచ్చ కూడా ఉంది. ఆ మచ్చ చూపిస్తే ఆయన, "అది చిన్నప్పుడు నువ్వు జామచెట్టు మీంచి పడ్డదే" అనేవాడు. ఈ తగువు వినడం కోసమే జనం ఆ సంగతి కదిపేవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా మెట్టు దిగలేదు.

"తలుపు కథ చెప్పన్నా ఒకసారి" అన్నాడు దావీదు, హైమవతి వైపు కన్ను గీటి.

భుజంగరావు మొదలుపెట్టాడు. సెట్టు, గాలి, తలుపు కిర్రుమనడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. హైమవతి జామకాయ కోస్తూ మురిపెంగా వింటోంది. ఆయన చివరికొచ్చాడు.

"నేనేం చేశానయ్యా, ముందు నిలబడి డైలాగులు చెప్పా. వెనక హైమ భుజం పెట్టి పట్టుకుంది. మేకు దిగినా కదల్లేదు."

దావీదు పగలబడి నవ్వాడు. "ఒప్పేసుకున్నావా అన్నా? ఇన్నేళ్లకి? వదినా, విన్నావా? మనిషి మారిపోయాడు."

హైమవతి చేతిలో కత్తి ఆగిపోయింది. గెలిచినందుకు సంతోషం రావాలి. రాలేదు. భుజంగరావు చావనైనా చస్తాడు గానీ ఆ తలుపు వదలడు. ఆయన చెప్పిన కథ ఆమె కథ. ఆ మాటలన్నీ ఆమె చెప్పే మాటలే, ఆమె చెప్పే వరసలోనే వచ్చాయి.

దావీదుని సాగనంపి వచ్చి మంచం ఎదురుగా కూచుంది. పట్టీ తలకే ఉంది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. వంటింట్లో పాలు బాగానే ఉన్నాయి, పొద్దున్నే కాచింది. కావాలని, పట్టుబట్టి, పాలు విరిగిపోయాయి అని మనసులో అనుకుంది.

"పాలు విరిగిపోయాయా?" అన్నాడు భుజంగరావు గోడ వైపే చూస్తూ.

ఆమె ఇంకేమీ అనుకోవడానికి భయపడి కళ్లు మూసుకుంది. నువ్వు తిన్నావా అన్నదెవరు? స్టేజి ఎక్కించాల్సింది అన్నదెవరు? ఇంట్లో ఇద్దరం ఉన్నామనుకుంది. ఎప్పట్నుంచో ఏమో గానీ, ఒక్కతే ఉంది. తన మాటలు తనే విని, తనే మురిసి, తనే ఏడ్చింది.

*

ల్యాబ్‌లో ముబీనా చాలాసేపు పెట్టెలో నమోదైన గీతలు చూసింది. చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది కూడా అమ్మా. అడిగితేనే ఇవ్వాలని పెట్టెకి నేర్పాం. మీరు రోజూ అడక్కముందే ఇస్తుంటే, అది మీ అలవాటు నేర్చుకుంది. మీరిద్దరూ ఫస్టు వస్తున్నారని నేను సంబరంలో పడి చూసుకోలేదు."

"ఎప్పట్నుంచమ్మా ఇట్టా?"

"చెప్పలేను. మొదట్లో మాటలు ఆయన అడిగినవే, అది ఖాయం. తర్వాత్తర్వాత కలిసిపోయాయి. ఇప్పుడు ఆయన వైపు నుంచి వెతుకులాట దాదాపు లేదు."

హైమవతి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూచుంది. అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేసింది. "నన్ను స్టేజి ఎక్కించాల్సింది అన్నారమ్మా ఒకరోజు. అది ఎవరి మాట?"

"తెలీదమ్మా. విడదీసి చెప్పే దారి నాకు లేదు." ముబీనా గొంతు తగ్గించింది. "పట్టీ తీసెయ్యమని నేను చెప్పను. ఉన్న నాలుగు రోజులూ ఆ గొంతు వినబడితే చాలనుకునేవాళ్లూ ఉంటారు. అది తప్పు కాదు. తీస్తే ఆయన మాట్లాడకపోవచ్చు, అసలేమీ ఉండకపోవచ్చు. మీరు ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? పెట్టుకుంటే ఆయన గొంతు ఉంటుంది, ఆయన ఉండడు. తీసేస్తే ఆయన ఉన్నాడో లేడో తేలిపోతుంది. ఆ తేలిపోవడమే ఆమెకి భయం. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇంకొకళ్లకి పెడతారా దీన్ని?"

"పెట్టొద్దంటారా?"

"పెట్టండి. గొడుగు అన్నప్పుడు ఆయన మొహం మీరు చూశారుగా. కానీ పట్టీ కట్టుకునేవాళ్లకి ముందు ఊరుకోవడం నేర్పండి. అది నాకే రాలేదు, ఇంకెవరికి వచ్చిద్ది."

*

మర్నాడు పొద్దున కాఫీ తాగించాక ఆమె పట్టీ విప్పి పెట్టె మీద పెట్టింది.

భుజంగరావు మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం కలిపి పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాడు. నువ్వు తిన్నావా అని ఎవరూ అడగలేదు. వీధిలో కూరగాయల బండి అరుపు, పక్కింట్లో కుక్కర్ విజిల్, అంతే. ఆమె ఆయన మొహం చూస్తూ ఉంది. అక్కడ ఏదీ దొరకలేదు. ఆయన నోరు కాస్త తెరుచుకుంటే చాలు, ఆమె పెదాలు వాటంతటవే కదిలేవి. ఏదో ఒక అక్షరం అందిద్దామని గొంతు దాకా వచ్చేది. పళ్లు బిగించి మింగేసేది. జన్మంతా చేసిన పని చేయకుండా ఉండటం అంత కష్టమని ఆమెకి తెలియదు. రోజులు అలా పోయాయి. ఆయన పక్కనే కూచుని ఆయన కోసం బెంగపెట్టుకుంది.

ఒక సాయంత్రం ఇక తట్టుకోలేకపోయింది. ఎవరి మాటైతేనేం, ఆ గొంతు వింటే చాలనిపించింది. అబద్ధమే అయినా, నువ్వు తిన్నావా అంటే చాలు. లేచి పట్టీ చేతిలోకి తీసుకుంది. తలకి చుట్టుకోబోతూ ఆయన వైపు చూసింది.

భుజంగరావు కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. దుప్పటి మీద కుడి చెయ్యి ఉంది. ఆ చేతి వేళ్లు మెల్లిగా ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. పిడికిలి బిగిసింది.

హైమవతి చేతులు అలాగే ఆగిపోయాయి.

కుడి చెయ్యి బిగుసుకుపోతుందని ముబీనా ముందే చెప్పింది. ఈ జబ్బులో అది మామూలే. ఫోన్ చేసి అడిగితే, ఇది జబ్బు బిగించిన చెయ్యా, మనిషి బిగించిన చెయ్యా అని ఆమె ఏదో ఒకటి చెప్పి ఉండేదే. హైమవతి అడగలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ అడగలేదు.

పట్టీ కింద పెట్టేసింది. మంచం కుడివైపు స్టూలు జరుపుకుని, వింగ్‌లో కూచున్నట్టు కూచుంది. నోరు మూసుకుంది. ఆయన చూస్తున్నాడు, ఆమె చూస్తోంది. చీకటి పడుతున్నా లేచి లైటు వెయ్యలేదు. పట్టీ విప్పిన దగ్గర్నుంచీ మొదటిసారి ఆ ఇంట్లో ఆమెకి తోడు దొరికినట్టనిపించింది.

భుజంగరావు ఆ వారం తిరక్కుండానే పోయాడు. ఏమీ చెప్పలేదు. ఆమె ఏమీ అందించలేదు.

*

సమితి హాల్లో సంతాపసభ పెట్టారు. స్టేజి మీద భుజంగరావు ఫొటో, దానికి దండ. దావీదు మైకు ముందు తలుపు కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. నవ్వించి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఆఖర్లో ఒప్పుకున్నాడండీ మా అన్న. తలుపు పట్టుకుంది వదినేనని నా ముందే ఒప్పుకున్నాడు. వదినా, రా, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు."

హైమవతి మెట్లెక్కింది. ఆ స్టేజి మధ్యకి రావడం ఆమెకి అదే మొదటిసారి. ఇంత వెలుతురుంటుందని తెలియదు. అలవాటు కొద్దీ వింగ్ వైపు చూసింది. స్టూలు అక్కడే ఉంది. ఖాళీగా ఉంది.

"దావీదు విన్న మాట మా ఆయనది కాదు. అది నాది" అంది. "తలుపు పట్టుకుంది ఆయనే. వీపు ఆనించి, చివరిదాకా పట్టుకున్నారు. నేను వింగ్‌లో కూచుని చూశా."

జాకెట్టు కింద భుజం మీది మచ్చ చురుక్కుమన్నట్టయింది. ఆమె ఆగింది. ఇన్నేళ్లూ ఆయన ఆ మాట అన్నప్పుడల్లా కాదని కొట్టిపారేసింది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆమే ఒప్పేసుకుంటే ఇక కాదనేవాళ్లు లేరు. హాల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఆయన గెలిచాడు. గెలిచానని చెప్పుకోవడానికి ఆయన లేడు.

ఆమె అలాగే నిలబడింది. జనం కుర్చీల్లో కదిలారు. పాపం, మాట మర్చిపోయిందనుకున్నారు. వెనక నుంచి దావీదు మెల్లిగా, "మా ఆయన... అను వదినా" అని అందించబోయాడు.

హైమవతి కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది. ఆమె పిడికిలి బిగించింది.

దావీదుకి ఆ గుర్తు తెలుసు. ఊరుకున్నాడు.